హాజరు పట్టీ

ఐదు రూపాయల నోటు పోతే ఇవాళ ఎవరమూ పెద్దగా లెక్కచెయ్యం. 1974లో మా అనంతపురం జిల్లాలో అట్లా కాదు. వాన పడితే శెనక్కాయలు, పడకపోతే అప్పు అనుకుంటూ బతికే ఊళ్లల్లో అది చిన్న మొత్తమేమీ కాదు.

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. ఫీజుకని నాన్న ఇచ్చిన నోటు మధ్యాహ్నానికి కనిపించలేదు. ఏడుస్తూ లెక్కల ఐవారి దగ్గరికి పోయాను. "ఎవరిమీదన్నా అనుమానమా మే?" అన్నారాయన. నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పలేదు కదా అని ఇన్నేళ్లూ నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ, ఏమాటకామాటే, తల తిప్పి వెనక బెంచీ వైపు చూశాను. మా క్లాసులో ఉన్న ఒక్కగానొక్క ఎరుకల పిల్ల అక్కడ కూచునేది.

ఆ చూపు చాలింది. సంచి దులిపించారు. జడ విప్పించారు. ఏమీ దొరకలేదు. "దాచిపెట్టడంలో వాళ్లను మించినోళ్లు లేరులే" అన్నారెవరో. దొరికితే దొంగ, దొరక్కపోతే గట్టి దొంగ! ఆ పిల్ల ఏడవలేదు. అదీ మాకు తప్పుగానే కనిపించింది.

ఆమె ఏనాడూ ఎవరి పెన్సిలు ముక్కా తీసి ఎరగదు. మరి నా తల అటే ఎందుకు తిరిగినట్టు? పిల్లల పెళ్లిళ్లయి తీరిక చిక్కాక, చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, ఆ చూపుకు నాకంటే చాలా ముందే పునాది పడిందని.

రైళ్లు రాకముందు సముద్రపు ఒడ్డున పండిన ఉప్పు మన మెట్టసీమకు ఎట్లా చేరేదనుకున్నారు? ఎరుకలవాళ్లు ఎడ్లమీదా గాడిదలమీదా వేసుకుని, పెళ్లాంబిడ్డలతో నడిచి తెచ్చేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకుని పోయేవాళ్లు. మన ముత్తవ్వలు ఊరగాయల్లో వేసిన ఉప్పులో ఎంతో కొంత ఆ గాడిదల వీపుమీద వచ్చిందే. 1871లో మద్రాసు రైలుదారి గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పూర్తయింది. ఉప్పు రైలెక్కింది. దొరతనంవారు ఉప్పుమీద పట్టు బిగించారు. 1876-78 ధాత కరువులో మేత లేక పశువులు చచ్చాయి. బేరం చెడినవాడు ఊరూరా తిరిగితే దేశదిమ్మరి అన్నారు. దేశదిమ్మరి అయినవాడు దొంగ కాకుండా ఎట్లా ఉంటాడన్నారు.

ఆ 1871లోనే ఉత్తరదేశంలో నేరస్థ జాతుల చట్టం పెట్టారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు. అనంతపురం అప్పుడు అందులోదే. ఎరుకలవాళ్లలో ఎన్నో గుంపులను ఆ జాబితాకు ఎక్కించారు. ఎవరు ఏం చేశారన్న విచారణే లేదు, పుట్టుకే నేరం. రిజిస్టరులో పేరు రాసి వేలిముద్రలు తీసుకునేవారు. పోలీసులు చెప్పిన వేళకు పోయి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. కొందరిని సెటిల్మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అట్లా పుట్టి, సాల్వేషన్ ఆర్మీవారి చేతికిందికి వచ్చిందే. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీయడానికి కూడా చట్టం వీలిచ్చింది. ఆ ముక్క దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు వంటింట్లోకి పోయాను.

1947లో మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దుచేసింది. మరుసటేడే అలవాటు నేరస్థులపేరిట ఇంకో చట్టం తెచ్చిందనుకోండి! 1952లో పాతది దేశమంతటా పోయింది. అంటే మా బళ్లో ఆ పిల్ల జడ విప్పించేనాటికి మా సీమలో అది చెల్లక 27 ఏళ్లు. నేను పుట్టకముందే పోయిన చట్టాన్ని నేను ఒక్క చూపుతో అమలుచేశాను.

తమాషా ఏమిటంటే, ఆ సాయంత్రమే మా అమ్మ వీధిలో పోతున్న ఎరుకలామెను పిలిచింది. మన ఇళ్లల్లో ఇది మామూలే కదా! సొమ్ము పోతే అనుమానం వాళ్లమీదే, పోయిన సొమ్ము జాడ అడగాలన్నా వాళ్లే దిక్కు. చేటలో జొన్నలు పోసి అమ్మ చెయ్యి చాపింది. ఆమె గంప దించి, అమ్మ చెయ్యి పట్టుకుని, "ఎక్కడికీ పోలేదు తల్లీ, మీ సొమ్ము మీ దగ్గర్నే ఉండాది" అంది. ఆమె ఆ పిల్లకు మేనత్త. అమ్మకు తెలియదు. నాకు తెలుసు.

నాలుగో రోజు లెక్కల పుస్తకానికి వేసిన అట్టలోంచి నోటు జారిపడింది. ఎరుకలామె మాట నిజమైందని అమ్మ మురిసిపోయి, ఈసారి వస్తే ఇద్దామని ఇంకో దోసెడు జొన్నలు తీసిపెట్టింది. బళ్లో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఐవారూ అడగలేదు.

దసరా సెలవుల దాకా ఆ పిల్ల వచ్చింది, ఎప్పటిలాగే వెనక బెంచీలో కూచుంది. తర్వాత రాలేదు. ఐవారు హాజరు పిలిచేటప్పుడు కొన్నాళ్లు ఆమె పేరు పిలిచి, ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరుకు పోయేవారు. సంక్రాంతి దాటాక పట్టీలో ఆ పేరు కొట్టేశారు. వరసలో ఆమె తర్వాతి పేరు నాదే.