మన్ననూరు గేటుకు అవతల

గద్వాల, వనపర్తి నుంచి ఈ గ్రూపులో ఉన్నోళ్లు చాలామంది శ్రీశైలం బస్సులో మన్ననూరు దాటే ఉంటరు. చెక్‌పోస్టు కాడ బస్సు స్లో అయితది, అంతే. రాత్రి తొమ్మిది దాటితే ఆ గేటు మూసేస్తరు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ చిన్న ఊరి గురించి హాస్టల్లో మేం చదివినవి, మాట్లాడుకున్నవి రాస్తున్నం.

ముందు భూమి సంగతి. అచ్చంపేట దాకా మైదానం. అక్కడ ఘాట్ ఎక్కితే అమ్రాబాద్ పీఠభూమి మొదటి మెట్టు. మన్ననూరు, అమ్రాబాద్ దీని మీదనే ఉన్నయి, చేన్లు చెరువులు ఇక్కడి దాకే. ఫరాహాబాద్ వైపు రెండో మెట్టు ఇంకా ఎత్తు, అంతా అడవి. ఆ తర్వాత నేల కృష్ణా లోయలోకి దిగిపోతది. అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు ఆ లోపల ఉన్నయి.

చరిత్ర అడిగితే మన్ననూరు కొండ మీది ప్రతాపరుద్రుని కోట, ఫరాహాబాద్‌లో నిజాం కాలపు షికారు బంగ్లా చూపిస్తరు. రాళ్లతో కట్టినయి కాబట్టి మిగిలినయి. పెంటలో గుడిసె గడ్డిది, దానికి శాసనం ఎవరు చెక్కుతరు?

1940లో వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ ఇక్కడికి వచ్చిండు. యుద్ధం వల్ల బ్రిటిష్ వాళ్లు ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటనియ్యలే, అది మనకు మేలే అయింది. 1943లో ‘ది చెంచూస్’ పుస్తకం అచ్చయింది. ఏ ఇంటిపేరు వాళ్లకు ఏ అడవి, తేనెకు, గడ్డలకు ఎవరు ఎక్కడ తిరగాలె అన్న లెక్క చెంచులకు ముందు నుంచే ఉందని అందులో కనిపిస్తది. అంటే సర్వే రాళ్లు లేకున్నా హద్దులు ఉన్నయి. ఆ రోజుల్లోనే నిజాం సర్కారు దాదాపు లక్ష ఎకరాలు చెంచుల కోసం రిజర్వ్ చేసింది.

తర్వాత అదే అడవి పులులదయింది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది, తెలంగాణ వచ్చినంక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,600 చదరపు కిలోమీటర్ల పైనే. 2019లో యురేనియం గొడవ వస్తే జనం తిరగబడ్డరు, అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఇప్పుడు కోర్ ఏరియా నుంచి ఊళ్లు తరలించే మాట నడుస్తుంది, కుటుంబానికి 15 లక్షలు అంటున్నరు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోకుండా ఎవర్నీ కదిలించరాదు. ఆ సభలో సంతకం పెట్టేముందు కాయితం చదివి చెప్పాల్సింది మన లాంటి చదువుకున్న పిల్లలే.

మీ పెంట పేరు, ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా మీ పెద్దోళ్లు తిరిగేటోళ్లు, ముసలోళ్లు ఉన్నప్పుడే అడిగి ఇక్కడ రాయండి.