గ్రామ్యం, శిష్టం, యాస: తెలుగు వ్యవహార భేదాలకు పెట్టిన పేర్ల చరిత్ర

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రజల నిత్యవ్యవహారంలోని ప్రాంతీయ భేదాలను గత నూటయాభై సంవత్సరాలకు పైగా వేర్వేరు పేర్లతో పిలుస్తూ వచ్చారు. వ్యాకర్తలు 'గ్రామ్యం' అన్నారు. వ్యావహారిక భాషావాదులు 'శిష్ట వ్యావహారికం' అనే కొత్త కొలమానం తెచ్చారు. నేటి సమాజం 'యాస' అంటున్నది. ఈ పేర్ల వెనుక ఉన్న భాషా దృక్పథాలను చారిత్రకంగా పరిశీలించి, వాడుకభాష కోసం సాగిన ఉద్యమం గెలిచాక కూడ అధికసంఖ్యాకుల వాడుక ఎందుకు తప్పుగానే మిగిలిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గ్రామ్యం, శిష్ట వ్యావహారికం, మాండలికం, యాస, ప్రమాణభాష, వృత్తి పదకోశం.

1. ప్రవేశిక

ఏ భాషలోనైనా ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి, వృత్తిని బట్టి, చదువును బట్టి పలుకుబడి మారుతుంది. ఇది భాషకు సహజ లక్షణం. అయితే ఆ మారిన రూపాల్లో ఒకదాన్ని 'భాష' అని, మిగిలిన వాటిని 'యాస' అని విభజించడం సహజ లక్షణం కాదు. అది సామాజిక నిర్ణయం. నిర్ణయానికి చరిత్ర ఉంటుంది. తెలుగులో ఆ చరిత్రను మూడు దశలుగా గుర్తించవచ్చు.

2. గ్రామ్యం: వ్యాకరణం గీసిన గీత

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగు పదజాలాన్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు విధాలుగా విభజించాడు. మొదటి మూడింటికీ గ్రామ్యానికీ మధ్య ఒక మౌలిక భేదం ఉంది. తత్సమ, తద్భవ, దేశ్యాలు పదం పుట్టుకను చెప్పే పేర్లు. గ్రామ్యం పుట్టుకను చెప్పదు. లక్షణానికి లొంగనిదని మాత్రమే చెబుతుంది. అంటే అది వర్ణన కాదు, తీర్పు.

ఈ తీర్పు కావ్యరచనకు పరిమితమై ఉంటే అంత నష్టం లేకపోయేది. కాని 1853లో వెలువడిన నీతిచంద్రిక పాఠశాలల్లో గద్యానికి ఆదర్శంగా నిలిచింది. చిన్నపిల్లవాడు రాయవలసిన వాక్యానికి కూడ కావ్యభాషా నియమాలే వర్తించాయి. ఈ స్థితిలో గ్రామ్యం అంటే పల్లెటూరి మాట మాత్రమే కాదు. పండితుడు ఇంట్లో మాట్లాడే మాట కూడ కాగితం మీద గ్రామ్యమే. ఆ రకంగా గ్రామ్య శబ్దం అందరినీ సమానంగా తప్పుపట్టింది.

3. వ్యావహారికం ముందు నిలిచిన 'శిష్ట' పదం

20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారుల్లో పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన జె.ఎ. యేట్స్ దొర తరగతిలో చెప్పే తెలుగుకూ బజారులో వినిపించే తెలుగుకూ ఉన్న దూరాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ప్రశ్న గిడుగు వెంకట రామమూర్తిని, గురజాడ అప్పారావును, పి.టి. శ్రీనివాస అయ్యంగారును ఒక్కచోటికి చేర్చింది. సంప్రదాయవాదులు జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తుగా సంఘటితమయ్యారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. 1919లో గిడుగు 'తెలుగు' పత్రికను ప్రారంభించాడు. శాసనాల నుంచి, పాత వచన గ్రంథాల నుంచి వ్యవహార రూపాలను ఎత్తిచూపి, పండితులు గ్రామ్యమన్నది శతాబ్దాలుగా రాతలో ఉన్నదేనని నిరూపించాడు.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. మొదటిది, ఈ ఉద్యమానికి పురిటిగడ్డ కళింగాంధ్ర. గిడుగు పనిచేసింది పర్లాకిమిడిలో, గురజాడ ఉన్నది విజయనగరంలో. రెండవది, గిడుగు కోరింది ఉన్న వ్యవహారాలన్నిటికీ సమాన స్థానం కాదు. చదువుకున్నవారు పరస్పరం మాట్లాడుకొనే శిష్ట వ్యావహారికం. రాతకు ఏదో ఒక కట్టుబాటు లేకపోతే పోరాటమే నిలవదు కనుక ఆనాటికి అది అవసరమైన వ్యూహం. కాని 'శిష్ట' అనే విశేషణం చేరగానే ఎవరు శిష్టులు అనే ప్రశ్న కూడ వెంట వచ్చింది. ఆనాడు చదువు ఏ కులాల్లో, ఏ ప్రాంతాల్లో ఉందో శిష్టత్వం అక్కడే ఉంది.

గ్రామ్యమనే గీత చెరిగిపోలేదు, జరిగింది. ఇంతకు ముందు అది రాతకూ మాటకూ మధ్య ఉండేది. ఇప్పుడు ఒకరి మాటకూ మరొకరి మాటకూ మధ్యకు వచ్చింది.

4. ప్రమాణం మధ్యమండలంలో ఎందుకు స్థిరపడింది?

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను నాలుగు భాషామండలాలుగా గుర్తించారు: విశాఖ, శ్రీకాకుళం ప్రాంతం పూర్వమండలం, రాయలసీమ, నెల్లూరు ప్రాంతం దక్షిణమండలం, తెలంగాణ ఉత్తరమండలం, కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాలు మధ్యమండలం. ఆధునిక ప్రమాణభాషకు పునాది మధ్యమండలంలోని విద్యావంతుల వ్యవహారం. ఇది ఆ వ్యవహారంలోని ప్రత్యేక సౌందర్యం వల్ల జరిగింది కాదు. కారణాలు భాష వెలుపల ఉన్నాయి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువల కింద పండిన వరి డబ్బుగా మారింది. డబ్బు చదువుగా, అచ్చు యంత్రంగా మారింది. కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని 1874లో వెలువడింది. అది పెరిగింది రాజమహేంద్రవరంలో. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో పుట్టింది. 1908లో బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు చేరి దినపత్రిక అయింది. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948లో ఏర్పడింది. మద్రాసు చిత్రపరిశ్రమలో మాటలు రాసినవారిలో అధికులు కోస్తా నుంచి వెళ్లినవారు.

ఇదే కాలంలో నిజాం రాజ్యంలో పైచదువు ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. తెలుగు చదువుకోవడమే పోరాటమైన చోట తెలుగులో ఏ రూపం ప్రమాణం అనే చర్చలో పాల్గొనే అవకాశం సహజంగానే తక్కువ. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ఆ లోటును పూరించడానికి శ్రమించాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి ప్రమాణభాష రూపురేఖలు దాదాపు నిర్ణయమైపోయాయి. ఆ తర్వాత ఒకే పాఠ్యపుస్తకం, ఒకే పత్రికాభాష రాష్ట్రమంతటా వ్యాపించాయి.

తెలంగాణ వ్యవహారంలోని ఉర్దూ పదాలను కల్తీగా చూడడం ఈ క్రమంలో మరో ముఖ్యాంశం. నిజానికి రైతు, జిల్లా, ఖర్చు, జవాబు వంటి అరబీ, పారసీ మూలాలున్న మాటలు మధ్యమండలంలోనూ నిత్యవ్యవహారంలో ఉన్నాయి. వాటిని ఎవరూ కల్తీ అనలేదు. కనుక అభ్యంతరం అన్యదేశ్యం మీద కాదు. అది ఎవరి నోట పలుకుతున్నదన్న దాని మీద.

5. 'వచ్చినాడు' చెప్పే సాక్ష్యం

మాండలిక రూపాలు ప్రమాణ రూపాల నుంచి చెడిపోయినవనే అభిప్రాయం సామాన్యుల్లోనే కాక చదువుకున్నవారిలోనూ ఉంది. ఒక్క క్రియారూపం పరిశీలిస్తే ఇది ఎంత నిరాధారమో తెలుస్తుంది.

మధ్యమండలంలో 'వచ్చాడు' అంటారు. రాయలసీమలో, కళింగాంధ్రలో 'వచ్చినాడు' వినిపిస్తుంది. తెలంగాణలో 'వచ్చిండు' అంటారు. కరీంనగర్ వైపు అదే 'అచ్చిండు'. ప్రాచీన రూపం 'వచ్చినాఁడు'. ఇందులో '-ఇన-' భూతకాలాన్ని తెలుపుతుంది. రాయలసీమ రూపం దాన్ని అలాగే నిలుపుకుంది. తెలంగాణ రూపంలో నకారం 'డు'కు ముందు అనునాసికంగా నిలిచి ఉంది. దాన్ని పూర్తిగా పోగొట్టుకున్నది 'వచ్చాడు' మాత్రమే. పైగా ఈ మాటలో 'ఆ'కూ 'ఏ'కూ మధ్యదైన ఒక దీర్ఘాచ్చు పలుకుతుంది. దానికి మన లిపిలో ప్రత్యేకమైన అక్షరమే లేదు. ప్రాచీనతే ప్రమాణమైతే 'వచ్చాడు' అన్నింటికన్నా వెనుక నిలవాలి.

దీన్ని బట్టి 'వచ్చాడు' తప్పని వాదించడం సరికాదు. మార్పు భాషకు దోషం కాదు. ఆ సూత్రం అన్ని మండలాలకూ ఒకేలా వర్తించాలన్నదే ఇక్కడి ప్రతిపాదన. 'వచ్చిండు, పోయిండు, చేసిండు'. 'వస్తడు, పోతడు, చేస్తడు' అనే రూపాల్లోని క్రమం ఏ వ్యాకరణ సూత్రానికీ తీసిపోదు. 'యాస' అనే మాటకు ఉచ్చారణలోని తీరు అని అర్థం. పదరూపాలూ వాక్యనిర్మాణమూ పదజాలమూ ఉన్న ఒక సమగ్ర వ్యవస్థను ఆ పేరుతో పిలిస్తే దాన్ని కేవలం ఒక రాగంగా కుదించినట్లవుతుంది.

6. రైతు నోట నిఘంటువు

మాండలికాన్ని తీర్పుకు లోనుచేయక వర్ణనకు తీసుకున్న తొలి పెద్ద ప్రయత్నం మాండలిక వృత్తి పదకోశం. 1957లో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. అనంతరం మరికొన్ని వృత్తులకు కూడ సంపుటాలు వెలువడ్డాయి. ఇక్కడ ప్రమాణం కావ్యప్రయోగం కాదు. పొలంలో రైతు, మగ్గం దగ్గర నేతగాడు చెప్పిన మాట.

దీనివల్ల తేలిన విషయం ముఖ్యమైనది. ఒక ప్రాంతంలో నాగలి అన్నదాన్ని రాయలసీమలో మడక అంటారు. వేరుసెనగ తెలంగాణలో పల్లి, రాయలసీమలో శెనక్కాయ, కర్నూలు వైపు బుడ్డ. మేడి, కాడి, కర్రు, గొర్రు, గుంటక. పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటి మాటలు పనితోపాటు పుట్టి, పనితోపాటు బతికినవి. ట్రాక్టరు వచ్చాక మడక మూలపడింది. దాని అంగాల పేర్లు కూడ మూలపడ్డాయి. ప్రమాణభాషకు ఈ పదాలు అవసరం లేకపోయాయి, ఎందుకంటే దాన్ని రూపొందించిన వర్గాల చేతిలో ఆ పనిముట్లు లేవు.

7. వేదిక మీద యాస, తరగతిలో యాస

కన్యాశుల్కంలోనే గురజాడ పాత్రకు తగిన పలుకుబడి ఇచ్చాడు. తర్వాత రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ ప్రాంత వ్యవహారాన్ని, పాకాల యశోదారెడ్డి తెలంగాణ స్త్రీల పలుకును, దాశరథి రంగాచార్య తెలంగాణ జనుల మాటను, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు పల్లె భాషను సాహిత్యంలో నిలిపారు. నామిని వంటి రచయితల్లో మాండలికం సంభాషణలు దాటి కథనంలోకి కూడ వచ్చింది. ఇది గుణాత్మకమైన మార్పు. పాత్రకు యాస, రచయితకు ప్రమాణం అనే పాత విభజన అక్కడ రద్దయింది.

సినిమాలో ఈ మార్పు ఆలస్యమైంది. దీర్ఘకాలం యాస హాస్యగాడికీ, నౌకరుకూ, ప్రతినాయకుడికీ కేటాయించిన గుర్తు. ఫిదా (2017), కేరాఫ్ కంచరపాలెం (2018), బలగం (2023) వంటి చిత్రాల్లో ప్రధాన పాత్రలు తమ ప్రాంతపు మాటతోనే ప్రేక్షకుల ఆదరణ పొందాయి. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నారు. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. రెండు దినోత్సవాల మధ్య ఉన్నది పదకొండు రోజులే అయినా, వాటి మధ్య పైన వివరించిన చరిత్రంతా ఉంది.

తరగతి గది మాత్రం ఇంకా మారవలసి ఉంది. డిగ్రీ విద్యార్థి తన జవాబులో 'కవి ఈ కావ్యం రాసిండు' అని రాస్తే దాని కింద ఎర్రగీత పడుతుంది. అక్షరదోషానికీ మాండలిక రూపానికీ ఆ గీతలో తేడా ఉండదు. మౌఖిక పరీక్షలో విషయం బాగా తెలిసిన విద్యార్థి సైతం తన మాట బయటపడుతుందన్న జంకుతో రెండు వాక్యాలకే ఆగిపోవడం అధ్యాపకులు తరచు గమనించే విషయం. అక్కడ కొలిచింది జ్ఞానాన్ని కాదు, పుట్టిన ఊరిని.

8. ముగింపు

రాతకు ఒక ఉమ్మడి రూపం అవసరమే. శ్రీకాకుళంలో రాసినది పాలమూరులో అర్థం కావాలి. ఒక ప్రమాణాన్ని తొలగించి దాని స్థానంలో మరొకదాన్ని నిలిపినా సమస్య తీరదు. తెలంగాణ భాష కూడ ఏకరూపం కాదు. 'వచ్చిండు'ను ప్రమాణం చేసి 'అచ్చిండు'ను నవ్వితే గీత మళ్లీ జరిగినట్లే అవుతుంది. కనుక ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు ప్రతిపాదించవచ్చు.

ఒకటి, ప్రమాణభాష కూడ ఒక ప్రాంతపు వ్యవహారం నుంచి చారిత్రక కారణాలతో ఎదిగినదేనని భాషాచరిత్ర పాఠంలో స్పష్టంగా బోధించాలి.

రెండు, మూల్యాంకనంలో మాండలిక రూపాన్ని 'తప్పు'గా కాక 'మరొక రూపం'గా గుర్తించి, సందర్భానికి తగిన రూపాన్ని ఎంచుకోవడం నేర్పాలి.

మూడు, ప్రతి కళాశాలలో విద్యార్థులు తమ ఇంటి వృత్తి పదాలను పెద్దల నుంచి సేకరించే పనిని పాఠ్యాంశంలో భాగం చేయాలి. ఆ పదాలు తెలిసిన తరం వేగంగా తరిగిపోతున్నది.

గిడుగు వాదంలో మౌలికమైనది జనం మాట్లాడేది భాషే అన్న నమ్మకం. ఆయన ఆ హక్కును శిష్టుల మాటకు సాధించి పెట్టాడు. దాన్ని మిగిలిన అందరి మాటకూ విస్తరింపజేయడం నేటి తెలుగు అధ్యాపకుల బాధ్యత.