నేమ్‌స్పేస్ (కుబర్నెటీస్)

కుబర్నెటీస్ క్లస్టర్‌ను పలు బృందాలు పంచుకునేటప్పుడు వాటి వనరుల పేర్లు కలగాపులగం కాకుండా విడదీసే విభాగమే నేమ్‌స్పేస్. బోర్గ్ అనే తన అంతర్గత వ్యవస్థ అనుభవంతో గూగుల్ రూపొందించిన కుబర్నెటీస్ 2014 జూన్‌లో వెలుగు చూసింది, 1.0 వెర్షన్ 2015 జులైలో వచ్చింది.

కుబర్నెటీస్‌లో కంటైనర్లు పాడ్‌లలో నడుస్తాయి. ఒక పాడ్‌లోని కంటైనర్లన్నిటికీ ఐపీ చిరునామా ఒకటే. ఇది లైనక్స్ కెర్నెల్ నేమ్‌స్పేస్ చలవ. అది ప్రాసెస్‌లను, నెట్‌వర్క్‌ను వేరుచేసే మరో ఏర్పాటు, ఈ వ్యాస విషయం కాదు. ఎన్ని పాడ్‌లు ఉండాలో డిప్లాయ్‌మెంట్‌లో రాసిపెడితే, ఒకటి పడిపోయినప్పుడు దాని స్థానంలో మరొకటి లేస్తుంది. కొత్త పాడ్‌కు చిరునామా మారుతుంది కాబట్టి, మారని పేరు కోసం సర్వీస్ కావాలి.

నేమ్‌స్పేస్ అసలు ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. 'టెస్ట్', 'ప్రొడక్షన్' అనే రెండు నేమ్‌స్పేస్‌లలోనూ 'పేమెంట్స్' అనే సర్వీస్ ఉండవచ్చు. ఒకే నేమ్‌స్పేస్‌లోని పాడ్ 'పేమెంట్స్' అని అడిగితే చాలు, బయటిది 'పేమెంట్స్.ప్రొడక్షన్' అని అడగాలి. అందువల్ల ఒకే కాన్ఫిగరేషన్ ఫైలు రెండుచోట్లా మార్పు లేకుండా పనిచేస్తుంది. నోడ్‌లు, పర్సిస్టెంట్ వాల్యూమ్‌లు మాత్రం ఏ నేమ్‌స్పేస్‌కూ చెందవు.

నేమ్‌స్పేస్‌ను రక్షణ గోడగా భావించడం ప్రమాదకరమైన అపోహ. విడిగా ఏ నియమమూ పెట్టకపోతే 'టెస్ట్'లోని పాడ్ 'ప్రొడక్షన్'లోని పాడ్‌తో నేరుగా మాట్లాడగలదు. దాన్ని ఆపడానికి నెట్‌వర్క్ పాలసీ రాయాలి. రాసినా, దాన్ని అమలుచేసే నెట్‌వర్క్ ప్లగిన్ లేకపోతే కుబర్నెటీస్ ఆ పాలసీని మారుమాట లేకుండా స్వీకరిస్తుంది, ట్రాఫిక్ మాత్రం యథాప్రకారం సాగుతుంది. పాలసీ పెట్టాక మరో నేమ్‌స్పేస్ నుంచి కనెక్ట్ అయి చూడటం తప్పనిసరి. ఎవరికి ఏ అనుమతి ఉందో రోల్, రోల్‌బైండింగ్‌లు, మొత్తం ఎంత సీపీయూ, మెమరీ వాడవచ్చో రిసోర్స్ కోటా నిర్ణయిస్తాయి. మెమరీ పరిమితిపై కోటా ఉన్నచోట తన పరిమితి చెప్పని పాడ్‌ను సర్వర్ తిరస్కరిస్తుంది; లిమిట్ రేంజ్‌లో డిఫాల్ట్ విలువ ఇస్తే ఈ చిక్కు ఉండదు.

నేమ్‌స్పేస్‌ను తొలగిస్తే అందులోని పాడ్‌లు, సర్వీసులు, సీక్రెట్‌లు అన్నీ పోతాయి. ఏదైనా వనరుకు ఫైనలైజర్ (తొలగింపుకు ముందు చేయాల్సిన శుభ్రం పని ఉందని చెప్పే గుర్తు) మిగిలి ఉంటే నేమ్‌స్పేస్ 'టర్మినేటింగ్' స్థితిలోనే ఆగిపోతుంది. ఫైనలైజర్‌ను బలవంతంగా తీసేయడం తేలికే, కానీ అలా చేస్తే శుభ్రం కావాల్సిన క్లౌడ్ డిస్కులు, లోడ్ బ్యాలెన్సర్ల వంటివి బయట అనాథలుగా మిగిలిపోవచ్చు. ముందుగా ఆ ఫైనలైజర్‌ను చూసుకునే కంట్రోలర్ నడుస్తోందో లేదో చూడాలి.