బాలల నవల – చరిత్రాధారము: 'గడ్డిమైదానపు చిన్న యిల్లు'

కుటుంబకథ చరిత్రకు ఆధారము కాగలదా? కాగలదన్నచో ఎంతమేరకు? ఈ ప్రశ్నకు అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ (1867–1957) నవలామాలిక చక్కని ఉదాహరణము. 1932 మొదలు 1943 వరకు ఎనిమిది నవలలుగా వెలువడిన యీ మాలికలో 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ' 1935 నాటిది. ఒక కుటుంబము విస్కాన్సిన్ అడవులను వదలి, బండిపై కాన్సాస్ గడ్డిమైదానమునకు వలసపోయి, అచట ఇల్లు కట్టుకొని, తుదకు దానిని విడిచిపోవుట ఇందలి కథ.

దుంగలతో గోడలు నిలుపుట, నుయ్యి త్రవ్వుట, చలిజ్వరముతో ఇంటిల్లిపాది పడకవేయుట మున్నగు వర్ణనములు ఆనాటి బ్రతుకుతీరునకు విలువైన సాక్ష్యములు. వారికి చికిత్స చేసిన నల్లజాతి వైద్యుడును కల్పితుడు కాడు. జార్జి టాన్ అనునతడు ఆ ప్రాంతమున నిజముగా నుండెను.

అయినను కథను యథాతథముగా గ్రహింపరాదు. ఆ కుటుంబము కాన్సాస్‌లో నున్నది 1869–71 నడుమ. నాటికి లారా వయస్సు రెండు మొదలు నాలుగేండ్లు. కావున ఇందు స్వీయస్మృతి కంటె తలిదండ్రుల నోట విన్నదే అధికము. బండిలో వచ్చినట్లు చెప్పబడిన పసిబిడ్డ కారీ, వాస్తవమునకు 1870 ఆగస్టులో కాన్సాస్‌లోనే జన్మించెను. ఇండిపెండెన్స్ పట్టణము నలువది మైళ్ల దూరమని నవల చెప్పగా, నిజమైన దూరము సుమారు పదమూడు మైళ్లు.

ఇవి చిన్న భేదములు. అసలు చిక్కు భూమి విషయమున కలదు. ఆ కుటుంబము ఇల్లు కట్టుకొనిన నేల ఓసేజ్ జాతివారిది. ప్రభుత్వము వలసదారులను వెడలగొట్టునని విని తండ్రి ఇల్లు విడిచెనని నవల చెప్పును. కాని 1870 జూలై 15 నాటి శాసనము ఓసేజులనే అచటినుండి తరలించి, వారి భూమిని ఎకరము 1.25 డాలర్లకు వలసదారులకు విక్రయింప నిర్ణయించినది. విస్కాన్సిన్‌లోని పొలమును కొన్నవాడు సొమ్ము చెల్లింపలేక దానిని తిరిగి యిచ్చుటయే ఆ కుటుంబము మరలుటకు కారణము.

ఆ నేలపై ప్రజలు లేరనియు, ఇండియనులు మాత్రమే యుండిరనియు తొలి ముద్రణ మొదటి ప్రకరణమున చెప్పినది. 1952లో ఒక పాఠకుని లేఖ యీ దోషమును ఎత్తిచూపెను. రచయిత్రి పొరపాటును అంగీకరించినది. 1953 ముద్రణలో 'ప్రజలు' పోయి 'వలసదారులు' వచ్చినది. ఒక్క పదము మారినది. కథ నడిచిన దృష్టి మారలేదు. 1954లో ఆమె పేరున నెలకొల్పిన బాలసాహిత్య పురస్కారమునకు 2018లో పేరు మార్చుటకు ఇట్టి చిత్రణములే హేతువు.

ఈ విచారణము మన ప్రాంతమునకు దూరమైనది కాదు. శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. కందుకూరు మండలమందలి మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న నైపుణ్య విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపనము జరిగినది. రేపు ఇచట కొత్తగా ఇల్లు కట్టుకొన్నవారి బిడ్డలును తమ బాల్యకథలు వ్రాయుదురు. అందు ఈ నేల ఎట్లు కనబడును? రికార్డులలో కంచ, గైరాన్, బంజరు అని యున్న చోట్ల పశువులు మేసినవి, కట్టెలు ఏరుకొన్నవారు కలరు, బాటలకు పేర్లు కలవు. సాగులేని భూమి యన నిర్మానుష్య భూమి కాదు.

కావున కుటుంబకథను త్రోసివేయవలదు. దానిని పహాణీతోడను, ఆ నేలపై ముందున్నవారి నోటిమాటతోడను సరిచూడవలెను. ఆ నోటిమాటను సేకరింపవలసిన సమయమిదియే యని పరిశోధక విద్యార్థులకు మా మనవి.