సీడెడ్ టాక్ ఎట్లుంది వాయ్?

పెద్ద సినిమా ఏదైనా రిలీజయితే నాకో అలవాటుంది. బెంగళూరులో పొద్దున్నే షో చూసేసి బయటికొచ్చి, నంద్యాలలో ఉండే మా పెదనాన్న కొడుక్కి ఫోన్ కొడతాను. వాడు హలో కూడా అనడు. "ఎట్లుంది వాయ్?" అంటాడు. నేను ఏదో కథనం, ఛాయాగ్రహణం అని మొదలుపెడతాను. వాడు అంతా విని, "అయితే సీడెడ్‌లో ఆడదులే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. విచిత్రమేంటంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు వాడి మాటే నిజమవుతుంది.

ఇంతకీ ఈ సీడెడ్ అనే మాట గురించి మీరెప్పుడైనా ఆలోచించారా? నైజాం, ఆంధ్రా, సీడెడ్ అని కలెక్షన్ల పట్టికల్లో రోజూ చూస్తాం. సీడ్యాక్సిస్ లాంటిదేదో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కాదండీ. "ఇచ్చేసినవి" అని దానర్థం. 1800లో నిజాం తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుల కింద ఈస్టిండియా కంపెనీకి ధారపోసిన జిల్లాలు అన్నమాట. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా ఉన్నవాడు థామస్ మన్రో. అతను వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది దాకా పాలెగాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోటలు, బంట్రోతుల్ని తీసేయించి, కొందరికి నెలనెలా భరణం ఇచ్చి కూర్చోబెట్టాడు. (చాదస్తం అనుకోకపోతే ఒక సవరణ: నంద్యాల అప్పుడు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ని దించేశాకే కంపెనీ చేతికి పూర్తిగా వచ్చింది. పక్కనున్న కోయిలకుంట్ల మాత్రం ఇచ్చేసిన బాపతే.)

ఆ పేరుని మనవాళ్ళు మోసింది సరిగ్గా నంద్యాల దాకానే. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగింది. అక్కడే దత్తమండలాల వాళ్ళ సమావేశం కూడా పెట్టుకున్నారు. "ఎవడో ఎవడికో ఇచ్చేసిన పేరు మనకెందుకు, రాయల సీమ అందాం" అన్న ఆలోచనని అక్కడ ముందుకు తెచ్చినాయన చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురంలో పాఠాలు చెప్పిన పండితుడు. అంటే మా పేరు కూడా మాకు బయట నుంచి వచ్చినాయనే పెట్టాడు. అది మంచి పేరే లెండి, దాంట్లో నాకే పేచీ లేదు.

పేచీ అంతా మిగతా కథతో. ప్రభుత్వ కాయితాలు మారాయి, పుస్తకాలు మారాయి, పాఠాలు మారాయి. సినిమా పంపిణీ వాళ్ళ లెక్కల్లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రానికి వెళ్ళిపోయినా వాళ్ళ పాత లెక్కల్లో అదీ సీడెడే. మేం సాఫ్ట్‌వేరు వాళ్ళం దీన్ని లెగసీ కోడ్ అంటాం. రాసినవాడు పోయి యుగాలైనా, ముట్టుకుంటే ఏం కూలుతుందోనని ఎవడూ ముట్టుకోడు. నంద్యాల సభ వద్దనుకున్న పేరుని నంద్యాల కుర్రాళ్ళే రోజూ నోరారా పలుకుతారు, గర్వంగా కూడా. "సీడెడ్‌లో మనోడిదే రికార్డ్" అని.

1997 దాకా ఇది వట్టి లెక్కల మాటే. ఆ ఏడు మే నెలలో జయంత్ తీసిన "ప్రేమించుకుందాం రా" వచ్చింది. హైదరాబాదు కుర్రాడు కర్నూలుకొస్తాడు, ఫ్యాక్షన్ ఇంటి పిల్లని ప్రేమిస్తాడు. ఆ ఇంటి పెద్ద వీరభద్రయ్యగా జయప్రకాష్ రెడ్డి. ఆ గొంతు వినగానే థియేటర్లో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పటిదాకా తెరమీద సీమ మాట అంటే నవ్వించడానికి వాడుకునేదే. ఇక్కడ ఒక మనిషి మా వీధిలోవాడిలా కోప్పడుతున్నాడు!

ఆయన పుట్టింది సిరివెళ్ళ. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వెళ్ళే దారిలో బస్సు ఆగే ఊరు. తండ్రి పోలీసు ఉద్యోగి. ఈయన గుంటూరులో లెక్కల మాస్టారు, నాటకాల పిచ్చి. 1988లో "బ్రహ్మపుత్రుడు"తో సినిమాల్లోకి వచ్చి, సంపాదన చాలక మధ్యలో మళ్ళీ పాఠాలు చెప్పుకోడానికి వెళ్ళిపోయి, 1997లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆయన లేని ఫ్యాక్షన్ సినిమా వెతుక్కోవాలి. ఒక్కడే గంటన్నర పైగా రంగం మీద నిలబడే "అలెగ్జాండర్" నాటకం వేసిన నటుడికి మనం ఇచ్చిన పని, మీసం దువ్వి అరవడం. 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో పోయాడు. కరోనా రోజులు, తలుచుకుని నలుగురు ఒకచోట చేరేందుకు కూడా వీల్లేదు. మావాడు ఫోన్ చేసి, "మనూరి మాట పాయె వాయ్" అన్నాడు. నేను చదివిన నివాళి వ్యాసాలన్నిటికన్నా అదే నాకు గుర్తుంది.

1997 తర్వాత వరదే. 1999 సంక్రాంతికి "సమరసింహారెడ్డి", 2001 సంక్రాంతికి "నరసింహనాయుడు", 2002లో "ఆది", "ఇంద్ర", "చెన్నకేశవరెడ్డి" వరసగా. 2003 సంక్రాంతికి "ఒక్కడు" వచ్చి కర్నూలు కొండారెడ్డి బురుజుని ఫొటోలు దిగే చోటుగా మార్చేసింది. వీటిని ఎవరు తీశారో చూడండి. సమరసింహారెడ్డి కథ విజయేంద్రప్రసాద్ గారిది, కొవ్వూరు. దర్శకుడు బి. గోపాల్, ప్రకాశం జిల్లా. మాటలు పరుచూరి సోదరులు, కృష్ణా జిల్లా. ఆది, చెన్నకేశవరెడ్డి తీసిన వినాయక్ గారిది చాగల్లు, అప్పటి పశ్చిమ గోదావరి. "కోస్తా వాళ్ళు మనల్ని ఇట్ల చూపించినారు" అని మావాళ్ళు ఉపన్యాసాలిస్తారే, దానికి ఆధారం ఇదే. నేనూ ఇచ్చాను, ఇంజనీరింగు హాస్టల్లో.

కానీ నిజం చెప్పుకుంటే ఆ ఉపన్యాసం సగమే. ఆ సినిమాలకి విజిళ్ళేసింది ఎవరు? నంద్యాలలో ఫస్ట్ షోకి బెనిఫిట్ రేటు పెట్టి వెళ్ళింది ఎవరు? మేమే. చొక్కా చించుకుని చూశాం.

తేడా ఎక్కడుందంటే, చూసొచ్చాక మాట్లాడుకునే మాటల్లో. సెకండ్ షో వదిలాక గాంధీ చౌక్ దగ్గర టీ బండి, లేదంటే మర్నాడు పొద్దున ఉగ్గాని, బజ్జీ తింటూ సాగే ముచ్చట్లు. అచ్చంగా బగ్ రిపోర్టులే. మొదటి బగ్గు ఎప్పుడూ నేల మీదే. "మనకాడ ఆ ఎర్ర గుట్టలు యాడున్నాయి రా?" నంద్యాల చుట్టూ కుందూ పక్కన నల్లరేగడి, కె.సి. కాలవ కింద వరి మడులు. ఆ కాలవని 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించి, నష్టాల్లో పడితే 1882లో ప్రభుత్వం కొనేసింది. అంటే మాకు తగాదా వస్తే అది నీళ్ళ వంతు మీద రావాలి. సినిమాలో కాలవే కనపడదు, నీళ్ళ తగాదా ఎక్కణ్ణుంచొస్తుంది? రెండో బగ్గు యాస. కడప "వచ్చాండా"ని కర్నూలు వాడి నోట్లో పెడతారు. విజయవాడ చెవికి రెండూ ఒకటేలాగుంది గామోసు. ఇక "ఆది"లో సుమోలు గాల్లోకి లేచినప్పుడు మా వెనక సీటాయన అన్నమాట ఇప్పటికీ మా ఇంట్లో సామెత: "ఆ బండ్ల కంతులు ఎవురు కడతారప్పా?"

కానీ అన్నిటికన్నా పెద్ద బగ్గు చెప్పింది ఆళ్ళగడ్డలో ఒక ముసలాయన. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. నాలుగు రోడ్ల దగ్గర బస్సు కోసం నిలబడి మేం ఏదో ఫ్యాక్షన్ సినిమా గురించి వాదించుకుంటుంటే విన్నాడు. "సినిమా అంతా చూసినా. ఒక్క వాయిదా కూడా ల్యాకపాయె" అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది ఆయనేమన్నాడో. కక్షలున్న ఊళ్ళో కక్ష అంటే ఒక రాత్రి బాంబులు, ఆ పైన పదిహేనేళ్ళు కోర్టు. వకీలు ఫీజు, సాక్షి తిరగబడటం, పొలం తాకట్టు, చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ. మగాళ్ళు జైల్లోనో పరారీలోనో ఉంటే మళ్ళు చేయించేది, పిల్లల్ని వేరే ఊరు హాస్టలుకి పంపేది, బ్యాంకులో బతిమాలేది ఆడవాళ్ళు. సినిమాలో వాళ్ళకి ఒకే పని: శవం మీద పడి ఏడవడం. 2018లో త్రివిక్రమ్ "అరవింద సమేత" ఈ వైపు కాస్త తలతిప్పింది, కొట్లాట అయిపోయాక ఏమవుతుందన్న ప్రశ్నతో మొదలైంది. అంతకుముందు 2010లో రాజమౌళి "మర్యాద రామన్న"తో దీన్ని నవ్వులాటగా మార్చాడు. దానికి మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా. అమెరికాలో కూడా పగలు తరాల తరబడి నడిచాయన్నమాట. వాళ్ళు ఎనభై ఏడేళ్ళ ముందే నవ్వుకోవడం మొదలుపెట్టారు, అంతే.

మాకు నవ్వడానికి టైము పట్టింది. ఎందుకంటే బయట దాని బిల్లు మేం కడుతున్నాం. మొదటి ఉద్యోగంలో హైదరాబాదులో గది అద్దెకి వెతుకుతున్నప్పుడు, ఒక ఇంటాయన అంతా మాట్లాడి, అడ్వాన్సు తీసుకోబోతూ ఊరడిగాడు. "ఆళ్ళగడ్డ దగ్గర" అన్నాను. చేయి వెనక్కి తీసుకున్నాడు. "మా ఆవిడ భయస్తురాలు బాబూ" అన్నాడు. ఆయన చూసిన ఆళ్ళగడ్డ తెర మీదదే. నేను చూసిన ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన పొద్దుణ్ణుంచీ ఉలి చప్పుడు. ఎన్నో ఊళ్ళ గుళ్ళకి దేవుడి విగ్రహాలు చెక్కి పంపే శిల్పులున్న ఊరు. రాయిని చెక్కే ఊరండీ అని చెప్పబోయాను. చెప్పి ఉంటే రాయి అనగానే ఇంకా భయపడేవాడేమో.

ఉయ్యాలవాడ సంగతి చెప్పకుండా ఈ టపా ముగించలేను. మన్రో తీసేసిన పాలెగాళ్ళ వంశపు మనిషి నరసింహారెడ్డి. నెలకి పదకొండు రూపాయల చిల్లర భరణం మిగిలినవాడు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరితీశారు. తలని 1877 దాకా అక్కడే వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్ళు! ఆయన కథని అన్నాళ్ళూ బతికించింది పాటగాళ్ళు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ పాటల మీద పనిచేసి "రేనాటి సూర్యచంద్రులు" అని పుస్తకం వేశారు. 2019 అక్టోబర్ 2న "సైరా" వచ్చింది. దాని కథ ఎవరిదనుకున్నారు? మళ్ళీ పరుచూరి సోదరులదే. సమరసింహారెడ్డికి మాటలు రాసిన చేతులే.

"సైరా" చూసొచ్చి మావాళ్ళు వారం రోజులు కొట్టుకున్నారు. యుద్ధాలు ఎక్కువయ్యాయని ఒకడు, మన యాస ఏదని ఇంకొకడు. నా బాధ వేరు. ఆ పుస్తకం పేరులో సూర్యుడొక్కడే లేడు, చంద్రుడు కూడా ఉన్నాడు. అతను బుడ్డా వెంగళరెడ్డి, అదే ఉయ్యాలవాడ. 1866 కరువులో వేలమందికి గంజి, కూడు పెట్టించిన మనిషి. విక్టోరియా రాణి పేరున బంగారు పతకం పంపారు. ఆ పాటగాళ్ళే ఆయన మీదా పాటలు కట్టారు, ఇద్దరికీ ఒకే గౌరవం. సినిమా మాత్రం ఇప్పటిదాకా ఒక్కరి దగ్గరికే వచ్చింది.

ఇదే మాట మావాడితో అన్నాను, 2022 సెప్టెంబరులో "చెన్నకేశవరెడ్డి" ఇరవై ఏళ్ళకి మళ్ళీ విడుదలైన వారం. వాడు అప్పుడే షో నుంచి బయటికొచ్చినట్టున్నాడు, వెనక డప్పులు వినిపిస్తున్నాయి. కాసేపు ఆలోచించాడు.

"అన్నం పెట్టే సినిమానా? ఇంటర్వెల్ యాడ ఇస్తావు వాయ్?" అన్నాడు.

తర్వాత రాత్రి పదకొండింటికి మళ్ళీ వాడే ఫోన్ చేశాడు. "గింజలు అయిపోయినాయని తెలిసి కూడా పొయ్యి ఆర్పొద్దంటాడు చూడు, ఆడ ఇయ్యొచ్చు" అన్నాడు.