సి భాష: ప్రమాణాలు, లినక్స్ వ్రాతపద్ధతి

పళ్ళికొండ, గుడియాత్తం పరిసర గ్రామాల నుండి వేలూరుకు వెళ్ళి కంప్యూటర్ విద్య అభ్యసించే పిల్లలకు సి భాష తొలి పాఠాలలో ఒకటి. మన ఇళ్ళలోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలాధారమైన లినక్స్ కెర్నెల్ ప్రధానంగా ఆ భాషలోనే వ్రాయబడింది. కనుక ఆ పాఠం ఏ ప్రమాణం ప్రకారం సాగుతున్నదో తల్లిదండ్రులు కూడా తెలుసుకొనుట మేలు.

ప్రమాణాల చరిత్ర

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను ఈ భాషలో తిరగ వ్రాశారు. 1978లో కెర్నిగాన్, రిచీ వెలువరించిన గ్రంథమే కొంతకాలం ప్రమాణంగా చెల్లింది. 1989లో అమెరికా జాతీయ ప్రమాణం, 1990లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడ్డాయి. అనంతరం సి99, సి11, సి17, సి23 వచ్చాయి.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, గ్నూ కంపైలర్ చేర్పులతో కూడిన సి89నే చాలాకాలం అనుసరించింది. ఆ పద్ధతిలో లూపు కొరకు ప్రకటించిన చలరాశి, లూపు ముగిసిన పిమ్మట కూడా మిగిలి ఉండి, పొరపాటు వాడకానికి దారితీసేది. చలరాశిని లూపులోనే ప్రకటించే వీలు సి99తో వచ్చింది. ఈ సౌకర్యం కొరకే 2022 మే నెలలో వెలువడిన 5.18 సంచికతో లినక్స్ సి11కు మారింది.

వ్రాతపద్ధతి

ప్రమాణం యంత్రానికి, వ్రాతపద్ధతి మనిషికి. లినక్స్‌లో ప్రతి అంతరం ఎనిమిది అక్షరాల వెడల్పు ఉండాలి. మూడు అంతరాలకు మించి లోపలికి పోతే ప్రోగ్రామునే సరిదిద్దుకోవాలని నియమం. వరుస ఎనభై అక్షరాలకు మించకపోవడం మంచిది. ఫంక్షన్ చిన్నదిగా ఉండి ఒకే పని చేయాలి. తరగతి గదిలో నిషిద్ధమైన 'గోటూ' ఇక్కడ ఆమోదయోగ్యమే. మధ్యలో లోపం తలెత్తితే, తీసుకొన్న మెమరీని ఒకేచోట విడిచి బయటపడేందుకు దానిని వాడతారు. చిన్న ప్రోగ్రాములో తప్పు ఆ ప్రోగ్రామునే ఆపుతుంది. కెర్నెల్‌లో తప్పు యంత్రమంతటినీ నిలిపివేయగలదు.

విద్యార్థులకు సూచన

1990ల నాటి టర్బో సితోనే పాఠం ముగిస్తే చాలదు. అందులో అలవాటయ్యే 'కోనియో' హెడర్ ఏ సి ప్రమాణంలోనూ లేదు. ఉచితంగా లభించే జీసీసీ కంపైలర్‌లో, హెచ్చరికలు చూపే 'వాల్' ఐచ్ఛికంతో అభ్యాసం చేయాలి. లినక్స్‌కు సవరణ పంపడానికి పట్టా అడగరు. వ్రాసినది సరిగా పనిచేయాలి, ఇతరులు చదవగలగాలి. పల్లెలోని విద్యార్థికైనా, మహానగరంలోని ఇంజనీరుకైనా పరీక్ష అదే.