కాలేయం జబ్బులో పత్యం: ఏది మేలు, ఏది కీడు

హోసూరు, కృష్ణగిరి వైపు మన ఇళ్లల్లో కాలేయం జబ్బు అనగానే పెద్దవాళ్లు చెప్పేది పత్యం. పప్పు, గుడ్డు, నూనె మానిపించి గంజి, మజ్జిగన్నంతో సరిపెడతారు. ఏళ్ల తరబడి ఉండే హెపటైటిస్ బి, సి రోగులకు ఈ కడుపు మాడ్చే పత్యం కీడే చేస్తుంది.

కారణం ఇది. ఈ వైరస్‌ల వల్ల కొందరికి క్రమంగా కాలేయం గట్టిపడుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. అలాంటి కాలేయం పిండిపదార్థాన్ని తగినంత నిల్వ చేసుకోలేదు. రాత్రంతా ఏమీ తినకపోతే శక్తి కోసం ఒంట్లోని కండ కరుగుతుంది. పొట్టలో నీరు చేరితే బరువు తగ్గినట్టు కనబడదు. అందుకే భుజాలు, తొడలు సన్నబడుతున్నాయా అని చూడాలి.

సిర్రోసిస్ లేనివారికి అందరూ తినే సమతుల ఆహారమే చాలు. ఉన్నవారికి:

ప్రోటీన్: కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. 100 గ్రాముల రాగిపిండిలో ఉండేది సుమారు 7 గ్రాములే. కనుక ముద్ద ఒక్కటే చాలదు. పప్పు, ఉలవలు, పెరుగు, గుడ్డు, చేప కూడా ఉండాలి. మతి తడబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతేగాని ప్రోటీన్ మానిపించకూడదు.

వేళలు: కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి. పడుకునే ముందు పాలతో అటుకులో, రొట్టెముక్కో తప్పనిసరి.

ఉప్పు: నీరు చేరినవారికి అన్నీ కలిపి రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడం పక్కన పెట్టాలి.

మద్యం పూర్తిగా మానాలి. డాక్టరును అడగకుండా ఆకుపసర్లు, ఐరన్ మాత్రలు వాడవద్దు. మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవారు పై లెక్కలు కూడా డాక్టరుతో చూపించుకోవాలి.

తిండి మందుకు బదులు కాదు. హెపటైటిస్ సి చాలామందిలో 12 నుంచి 24 వారాల మాత్రలతో నయమవుతుంది. బి ని మందులతో అదుపులో ఉంచవచ్చు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి.

చివరగా ఒక మనవి. ఈ రెండూ కలిసి తినడం వల్ల అంటుకోవు. రోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టకండి. బ్లేడు, టూత్‌బ్రష్ వేరుగా ఉంచి, ఇంట్లో మిగతావారు పరీక్ష చేయించుకుని హెపటైటిస్ బి టీకా వేయించుకుంటే చాలు. పక్కన కూర్చోబెట్టుకుని వడ్డిస్తే రోగి నాలుగు ముద్దలు ఎక్కువే తింటాడు.